పులి, మేకలు, పక్కన ఒక మామ

రిటైరైన తరువాత కొత్తవాళ్లెవరు పరిచయమైనా "మేడం, మీదే సబ్జెక్టు?" అని అడుగుతారు. కంప్యూటర్లంటే తలూపి ఊరుకుంటారు. "ఒక ఏడాది ఆటలు కూడా చెప్పాను" అంటే మాత్రం నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూస్తారు. నా ఒడ్డూ పొడుగూ చూసిన వాళ్లెవరికీ నేను ఖోఖో నేర్పానంటే నమ్మబుద్ధి కాదు. నేను నేర్పింది ఆ ఆటలు కాదని, కంప్యూటరులో ఆటలు తయారుచెయ్యడమని, అదీ నల్గొండలో, తొంభైల చివర్లో అని విడమరిచి చెప్పేసరికి వాళ్ల బస్సు వచ్చేస్తుంది. అందుకని ఈసారి రాసే పెడుతున్నాను. ఇది చదివే మీలో చాలామంది ఇప్పుడు ఫోనుల్లో ఆటలు తయారుచేసే ఉద్యోగాల్లో ఉన్నారని విన్నాను. మీకు పనికొస్తే సంతోషం, పనికిరాకపోతే నవ్వుకోండి.

మాది పాలమూరు. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, హైదరాబాదులో కంప్యూటర్ డిప్లొమా ఒకటి తగిలించుకొని, నల్గొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరాను. కాలేజీ మొత్తానికి ఏసీ ఉన్న గది ఒక్కటే, అది కంప్యూటర్ ల్యాబు. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని ప్రిన్సిపాల్ గారికి ఎవరో చెప్పారు. అప్పటి నుంచి ఆయనతో సహా అందరూ చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. గుడిలోకి వెళ్లినట్టే వెళ్లేవాళ్లం. లోపల ఎంతమంది ఉన్నారో తెలియాలంటే తలుపు తియ్యక్కర్లేదు, గడప ముందు చెప్పులు చూస్తే చాలు.

చివరి సంవత్సరం పిల్లలు ఒక ప్రాజెక్టు చెయ్యాలి. యూనివర్సిటీ నుంచి ఎక్స్‌టర్నల్ వచ్చి చూసి మార్కులు వేస్తాడు. ఏ కాలేజీకి వెళ్లినా అవే ప్రాజెక్టులు. లైబ్రరీ పుస్తకాల లెక్క, దవాఖాన బిల్లు, ఉద్యోగుల జీతం. సీనియర్లు చేసింది జూనియర్లు తీసుకొని, పేర్లు మార్చి, అట్ట మార్చి ఇచ్చేసేవాళ్లు. ఒక ఏడాది దవాఖాన ప్రాజెక్టు తెరిస్తే రోగి పేరు ఉండాల్సిన చోట వ్యాకరణ పుస్తకం పేరు వచ్చింది. వార్డు నంబరు అడిగితే ఏ బీరువాలో ఉందో చెప్పింది. నాకు కోపం తొందరగా వస్తుంది, నవ్వు కూడా తొందరగానే వస్తుంది. ఆ రోజు రెండూ కలిసి వచ్చాయి. వచ్చే ఏడాది ఎవరూ కాపీ కొట్టలేని ప్రాజెక్టు పెడతానని స్టాఫ్ రూములో గట్టిగా అనేశాను.

అలా పుట్టింది "అడ్వాన్స్‌డ్ గేమ్ డిజైన్" అనే పేపరు. దాని కింద మామూలు గేమ్ డిజైన్ ఏదీ లేదు. అడ్వాన్స్‌డ్ అని లేకపోతే యూనివర్సిటీ వాళ్లు ఒప్పుకోరేమోనని ముందు ఆ మాట తగిలించాను. ప్రిన్సిపాల్ గారు కాగితం చూసి కళ్లజోడు తీశారు.

"మేడం, ఆటలకు మనకు పి.డి. సారున్నడు గద? మళ్ల మీరెందుకు?"

"గ్రౌండు మీద ఆడేటివి కాదు సార్. ఆట అంటె ఏంది, మనిషి ఎందుకు ఆడుతడు, ఎందుకు లేసిపోతడు, గదంత ఆలోచించి పిల్లలే ఒక ఆటను కట్టాలె."

"లేసిపోయేది నాకు తెలుసు. బెల్లు గొడితె లేసిపోతరు," అన్నారాయన. అయినా సంతకం పెట్టారు. నాతో వాదించే ఓపిక ఆయనకు మధ్యాహ్నం భోజనం తరువాత ఉండేది కాదు. నేను వెళ్లిందీ అప్పుడే.

పి.డి. సారు అంటే ఫిజికల్ డైరెక్టరు. మెడలో ఈల లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు, స్టాఫ్ మీటింగులో కూడా. తన పీరియడ్లు నేను గుంజుకుంటున్నానని ఎవరో చెబితే మండిపడుతూ వచ్చాడు. విషయం విన్నాక చల్లబడ్డాడు. "కూసోని ఆడే ఆటలు ఆటలేంది మేడం" అంటూనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఓడిపోవడం అంటే ఆయనకు ఒంటికి పడదు. స్టాఫ్ క్యారమ్స్‌లో ఓడిపోయి బోర్డు వంకరగా ఉందని నీళ్లు పోసి నిరూపించిన మనిషి. అటువంటి వాడు నాకు చాలా అవసరమని అప్పుడే అనుకున్నాను.

ఆ పేపరు తీసుకున్నది ముగ్గురే. మోత్కూరు అబ్బాయి ఒకడు, మాటా చెయ్యీ రెండూ వేగం. చౌటుప్పల్ అబ్బాయి ఒకడు, రోజూ బస్సులో వచ్చేవాడు, మొదటి పీరియడు ఒకటుందన్న సంగతే అతనికి తెలియదు. మూడో మనిషి నల్గొండ అమ్మాయి. వాళ్ల అబ్బా, అంటే నాన్న, గడియారం సెంటరు దగ్గర దర్జీ. చాలా తక్కువ మాట్లాడేది. మాట్లాడితే మాత్రం మిగిలిన ఇద్దరూ నోరు మూసుకునేవాళ్లు.

మొదటి నెలలోనే ఆ అబ్బా కాలేజీకి వచ్చాడు. సైకిలు స్టాండు వేసి, భుజం మీది టేపు తీసి జేబులో పెట్టుకొని నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, మా బిడ్డ పొద్దుగాల లేస్తె పులి, మేక అంటాంది. గిదేం చదువు?"

"గదే చదువు భాయ్. ఫికర్ చెయ్యకుండ్రి."

"ఫికర్ కాదు మేడం. హైదరాబాద్‌ల ఇంక పై చదువు చదువుత అంటాంది. మా ఇంట్ల ఇంత దాంక ఎవ్వలు చదవలే. గీ పరీక్షల మంచిగ పాసైతె అప్పుడు ఆలోచిద్దాం అన్న. పాస్ గాకపోతె గీడికే బందు. గందుకే అడుగుతున్న, గీ ఆటలతోని పాసైతదా?"

"అయితది," అన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో అంత ధైర్యం! ఎక్స్‌టర్నల్ ఎవరొస్తాడో, ఆటను ప్రాజెక్టు అంటాడో లేదో నాకేం తెలుసు? 

ఆట పులి-మేక అని ముగ్గురూ కలిసే తేల్చారు. తెలియని వాళ్లకు రెండు మాటలు. నేల మీద గీతలు గీస్తారు. పులులు కొన్ని, మేకలు చాలా. పులి మేకను దూకితే ఆ మేక పోయినట్టు. మేకలన్నీ కలిసి పులులను కదలకుండా చుట్టేస్తే మేకలు గెలిచినట్టు. మా ఆటలో పులులను మిషను ఆడుతుంది, మేకలను మనిషి ఆడతాడు. ఇందులో ఏముంది అనుకున్నాను. కానీ మేకలను ఒక్కొక్కటే బోర్డు మీద పెడతారు కదా, అన్నీ దించకముందే దించినవాటిని జరపొచ్చా లేదా అన్న దగ్గరే వారం పోయింది. జరపొచ్చని మోత్కూరు, కూడదని చౌటుప్పల్. మా పాలమూరులో ఎట్లాగో నేను చెబితే ఇద్దరూ ఒక్కటై నా మీద పడ్డారు. చివరికి అమ్మాయి, ఆట మొదట్లోనే ఆ సంగతి ఆడేవాళ్లనే అడుగుదాం అంది. గొడవ తీరింది.

పులికి బుద్ధి పెట్టే పని మోత్కూరు అబ్బాయిది. నేను ఒక్కటే మాట చెప్పాను: మనిషన్నవాడు దీన్ని గెలవకూడదు. లెక్కలు చదివినదాన్ని కదా, ఓడిపోని ఆటే గొప్ప ఆట అనుకున్నాను. వాడు పట్టుబట్టి, ముందుకు ఎన్ని ఎత్తులున్నాయో అన్నీ వెతికేటట్టు రాశాడు. దసరా సెలవుల తరువాత పులి సిద్ధమైంది. అది నిజంగానే ఓడలేదు.

మొదటి వారం ల్యాబు ముందు చెప్పుల గుట్ట. కామర్స్ వాళ్లు, తెలుగు సారు, ఆఫీసు గుమాస్తాలు అందరూ వచ్చారు. ప్రిన్సిపాల్ గారు తలుపు తీసి చూసి ఏమీ అనకుండా మూసేశారు. రెండో వారానికి గుట్ట పలచబడింది. ఆ తరువాత మా నలుగురి చెప్పులే మిగిలాయి. పి.డి. సారు అందరికంటే ఎక్కువ రోజులు పట్టుకొని వేలాడాడు. ఒక రోజు ఆట మధ్యలో లేచి వెళ్లిపోయాడు. తరువాత స్టాఫ్ రూములో నాకు వీపు పెట్టి టీ తాగడం మొదలుపెట్టాడు. ఏమైంది సార్ అని అడిగితే, "ఏం గాలె మేడం, మీ పులి పెద్దది, నేను చిన్నోణ్ని" అన్నాడు.

ఎవరూ ఆడని ఆటను ఏ ఎక్స్‌టర్నల్‌కు చూపిస్తాం? చౌటుప్పల్ అబ్బాయి అప్పుడు ఒక ఉపాయం చెప్పాడు. పులిని అప్పుడప్పుడు తప్పుగా ఆడనిద్దాం. ఒక బటన్ నొక్కితే పులికి బుద్ధి మందగిస్తుంది. దానికి వాళ్లే "ఎడ్డి పులి" అని పేరు పెట్టుకున్నారు. పి.డి. సారును బతిమాలి తెచ్చి కూర్చోబెట్టాం. ఆయన గెలిచాడు. గెలిచి సంతోషించాల్సింది పోయి మొహం ఎర్రగా చేసుకున్నాడు.

"నన్ను బుడ్డ పోరడనుకున్నరా? గిది కావాల్నని ఓడుతాంది! తినే మేకను ముంగట వెట్టుకొని దిక్కులు సూస్తాంది!"

కుర్చీ వెనక్కి నెట్టి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్లిపోయాడు. ఓడగొడితే అలిగాడు, గెలిపిస్తే ఇంకా అలిగాడు.  నా డిప్లొమాలో దీనికి జవాబు చెప్పే పాఠం లేదు.

ఆ సాయంత్రం మోత్కూరు అబ్బాయే అన్నాడు: "మేడం, మా ఊర్ల అంగడి నాడు పొద్దుందాక ఆడుతరు. ఓడేటోడు ఓడుకుంటనే ఉంటడు, లేవడు. గాళ్లెందుకు లేస్తలేరో సూద్దాం పాండ్రి."

వెళ్లాం. అంగడి రోజు మోత్కూరు బస్సులో నిలబడడానికి కూడా జాగా లేదు. మూసి ఉన్న ఒక దుకాణం అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీసుకొని ఇద్దరు ఆడుతున్నారు. ఒకాయన తలపాగా చుట్టుకున్న రైతు, ఇంకొకాయన గాజులమ్మే ముసలి సాయిబు. ఇద్దరూ దోస్తులని చూస్తేనే తెలుస్తుంది, అంతగా తిట్టుకుంటున్నారు. చుట్టూ పదిమంది దాకా మూగి ఉన్నారు. ఇద్దరు ఆడే ఆట అన్నమాటే కానీ, ఆడుతున్నది ఆ పదిమందీ. ప్రతివాడి వేలూ బోర్డు మీదే ఉంది. "గీడ వెట్టు", "గది వద్దు, సస్తది", "నేను జెప్తున్న గద, మూలకు జరుపు." మేకలాడే రైతు వెనక ఉన్నాయన మాట విని ఒక మేకను జరిపాడు. సాయిబు పులి ఒక్క దూకు దూకి దాన్ని పట్టుకుపోయింది.

"నీ మాట ఇన్నందుకే పాయె! నీ నోట్ల మన్నువడ!" అని రైతు వెనక్కి తిరిగి తొడ చరిచాడు. సలహా ఇచ్చినాయన సిగ్గుపడకపోగా, "నేను జెప్పినంక జర ఆగి జరపాలె" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ఆట పోయింది. గీతలు చెరపకుండానే ఇంకో ఆట మొదలైంది.

అబ్బాయిలిద్దరూ, నేనూ బోర్డు వైపు చూస్తున్నాం. అమ్మాయి మాత్రం బోర్డు వైపు చూడనే లేదు. ఆమె వెనక నిలబడ్డవాళ్ల మొహాలు చూస్తోంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక చెప్పింది.

"మేడం, ఓడినోడు తన తప్పు అనుకుంటలేడు. పక్కనోనిది అంటుండు. గందుకే లేస్తలేడు. మన ల్యాబ్‌ల పక్కన ఎవ్వలు లేరు. సైలెన్స్ అని బోర్డు గూడ వెట్టినం. ఓడితే ఒక్కడే ఓడుతుండు."

"అయితే?"

"మిషన్‌లనే ఒకణ్ని పక్కన నిలవెడదాం మేడం. సలహా ఇయ్యనీ. తిట్లు గూడ వానికే పడనీ."

నేను ఒప్పుకోలేదు. మిషను తెలివిగా ఆడుతున్నప్పుడు పక్కన ఈ మూఢుడెందుకు, మార్కులు పోతాయి అన్నాను.  నల్గొండ వచ్చేసరికి నాకే తోచింది, నా మాట విన్నందుకే ఒకసారి ల్యాబు ఖాళీ అయింది కదా అని. బస్సు దిగుతూ "సరే, పెట్టు నీ మనిషిని" అన్నాను.

అలా వచ్చాడు మామ. తెర మీద ఒక మూలన తలపాగా, మీసాలు, ఎత్తిన వేలు. ఆ రోజుల్లో మా మిషన్లకు తెలుగు రాదు. అమ్మాయి గళ్ల కాగితం మీద ఒక్కో అక్షరాన్నీ చుక్కలు చుక్కలుగా గీసి ఎక్కించింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల చేతిలో తెలుగు అక్షరాలు అంత గుండ్రంగా వచ్చాయని మా తెలుగు సారు మురిసిపోయాడు. మామ మాటలు కూడా ఆమే రాసింది: "అల్లుడా, గా మూలకు జరుపు." "వద్దు వద్దు, గది ఇడిసిపెట్టు." "నాకు ముందే తెలుసు, నువ్వే ఇనలె."

మామ అప్పుడప్పుడు అబద్ధం చెబితే బాగుంటుందని అబ్బాయిలు అన్నారు. అమ్మాయి ససేమిరా అంది. మామ మంచోడు, మనసులో మోసం లేదు, కాకపోతే ఒక్క ఎత్తు దాకానే చూడగలడు. పులి చాలా దూరం చూస్తుంది. కాబట్టి మామ చెప్పింది ఒక్కోసారి పనికొస్తుంది, ఒక్కోసారి ముంచుతుంది. మామ మాట ఎప్పుడు వినాలో, ఎప్పుడు పెడచెవిన పెట్టాలో తెలుసుకోవడమే ఆట అయిపోయింది. ఇన్నేళ్లలో నేను నా విద్యార్థుల దగ్గర విన్న తెలివైన మాటల్లో అది మొదటిది.

పులి అంతే ఉంది, ఇసుమంత కూడా తగ్గించలేదు. ఎడ్డి పులి బటన్‌ను మాత్రం తీసెయ్యకుండా పక్కన పడేశారు. గడప ముందు మళ్లీ చెప్పులు చేరాయి. పి.డి. సారు ఎవరూ పిలవకుండానే వచ్చాడు. ఓడిపోయాడు. "గీ మామకు ఏమన్న తెలుసా మేడం? గీ ముసలోని మాట ఇంటె కొంప మునుగుతది!" అని తిట్టి, కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కొని మళ్లీ మొదలుపెట్టాడు. అలిగి వెళ్లిపోయిన మనిషేనా ఈయన అని నాకు పట్టరాని సంతోషం. సైలెన్స్ బోర్డు నేనే తీసేశాను.

ఎండలు ముదిరాక పరీక్షలు వచ్చాయి. ఎక్స్‌టర్నల్ సారు హైదరాబాదు నుంచి పొద్దున బస్సులో దిగాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వని మొహం, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడే భాష. చెప్పులు విడవమంటే ముఖం చిట్లించి బూట్లు విప్పాడు. మధ్యాహ్నం దాకా లైబ్రరీలూ, దవాఖానలూ, జీతాలూ చూశాడు. ఆఖరున మావాళ్ల వంతు. తెర మీద గీతలు, పులులు కనపడగానే కలం మూత పెట్టేశాడు.

"ఏమిటిది? ఆటా? ఇది కళాశాలా, ఆటస్థలమా?"

"ప్రాజెక్టు సార్," అన్నాడు మోత్కూరు అబ్బాయి.

"దీన్ని ప్రాజెక్టుగా నేను అంగీకరించలేను. ఎవరికైనా ఉపయోగపడేది ఏదైనా చేసుకొని వచ్చే సంవత్సరం రండి."

అమ్మాయి వైపు చూశాను. తల దించుకొని ఉంది. ఆమెకు వచ్చే సంవత్సరం అనేది లేదు. బయట చెట్టు కింద వాళ్ల అబ్బా సైకిలు పట్టుకొని నిలబడి ఉన్నాడని నాకు తెలుసు, పొద్దున్నే చూశాను. నాకు కోపం వచ్చింది. పుస్తకం భాష ఎటు పోయిందో పోయింది.

"సూడకుండనే వద్దంటె ఎట్ల సార్? లైబ్రరీ సూసిన్రు, దవాఖాన సూసిన్రు. ఏ కాలేజీల సూసినా గవే అని మీకు గూడ తెలుసు. ఒక్క ఆట ఆడుండ్రి. ఆడినంక ఏమన్న అనుండ్రి."

ప్రిన్సిపాల్ గారు నా కొంగు పట్టుకొని లాగలేదు కానీ, లాగాలన్నంత కంగారు పడ్డారు. ఎక్స్‌టర్నల్ సారు నన్ను ఒక నిమిషం చూసి, "ఒక్కటే" అని కూర్చున్నాడు. ఆయన తెర మీద వేలు పెట్టి చూపిస్తే అమ్మాయి బటన్లు నొక్కుతోంది. కొన్ని మేకలు దించాడు. మామ వేలెత్తి "అల్లుడా, గా మూలకు జరుపు" అన్నాడు. ఆయన జరిపాడు. పులి దూకింది.

"నీ యవ్వ! నీ మాట ఇని సంపుకుంటి గదనె మామా!"

 ఆ మాట అన్నది ఎక్స్‌టర్నల్ సారే. పక్కా మన మాట, మా పాలమూరు మాటే. ఆయన దగ్గి, మొహం తుడుచుకొని, "మళ్లీ పెట్టు" అన్నాడు.

మళ్లీ పెట్టింది. మళ్లీ ఓడిపోయాడు. "గెలిచినంకనే ఏదన్న మాట్లాడుత" అన్నాడు. ఇక రేడియో భాష వెనక్కి రాలేదు. పి.డి. సారు ఎప్పుడు లోపలికి వచ్చాడో వచ్చాడు, ఆయన భుజం మీదుగా వంగి, "సార్, మామ మాట ఇనకుండ్రి, గీ ఒక్కసారి ఇనకుండ్రి" అంటున్నాడు. కాసేపటికి ప్రిన్సిపాల్ గారి వేలు కూడా తెర మీద ఉంది. నలుగురు నాలుగు దారులు చెబుతుంటే ఎక్స్‌టర్నల్ సారు అందర్నీ కసురుతూ, మామను తిడుతూ ఆడుతున్నాడు. ప్రిన్సిపాల్ గారింటి నుంచి వచ్చిన భోజనం చల్లారిపోయింది. ఒకసారి పులులను దాదాపు చుట్టేశాడు, ఒక్క మేక పొరపాటు. అందరం "అయ్యో" అన్నాం, నేను కూడా.

హైదరాబాదు బస్సుకు టైమైందని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆయన చేతి గడియారం చూసుకొని లేవబోయాడు. మార్కులు వెయ్యలేదు, సంతకం పెట్టలేదు. గెలిచాకే మాట్లాడతానన్నాడు, గెలవలేదు.  మోత్కూరు అబ్బాయి అమ్మాయి చెవిలో ఏదో గొణిగాడు. ఏమన్నాడో నాకు తెలుసు. ఎడ్డి పులి. ఒక్క బటన్ నొక్కితే ఆయన గెలుస్తాడు, సంతోషంగా సంతకం పెడతాడు. అమ్మాయి నా వైపు చూసింది. దాచడమెందుకు, నొక్కమనే నేనూ కళ్లతో చెప్పాను.

ఆమె బటన్ మీద నుంచి చెయ్యి తీసేసింది. లేచి నిలబడింది.

"సార్, ఇందుల పులిని ఎడ్డిదాన్ని చేసే బటన్ ఒకటుంది. నొక్కితె మీరు గెలుస్తరు. మీకు చెప్పకుండ నొక్కబుద్ధి గాలె. నొక్కాల్నా?"

 ప్రిన్సిపాల్ గారు గోడ వైపు తిరిగారు.

"అందరికీ గట్లనే నొక్కుతరా?" అన్నాడాయన మెల్లగా.

"లేదు సార్. ఒక్కపారి నొక్కి సూసినం. గెలిచినాయన మస్తు కోపానికొచ్చిండు. ఎవ్వలమైన ఓడితె ఓర్చుకుంటం గని, ఎవలో జాలిపడి గెలిపిస్తె ఓర్చుకోలేం సార్. గందుకే బటన్ పక్కకు వెట్టినం, మామను పెట్టినం. ఓడితె మామను తిట్టుకోవచ్చు. తిట్టుకున్నంక మళ్ల ఆడబుద్ధయితది."

ఆయన తెర మీది మామను చూశాడు. తరువాత పి.డి. సారును, ప్రిన్సిపాల్ గారిని చూశాడు. పొద్దుటి నుంచి నవ్వని మొహం మీద నవ్వు మెల్లగా పాకింది.

"అంటె, భోజనం ఇడిసిపెట్టి నేను గీ మామను తిట్టిన తిట్లన్ని మీరు ముందే అనుకొని కట్టిన్రా?"

"అవును సార్."

"నువ్వు గా బటన్ నొక్కి ఉంటె, నీకు సున్నా వేద్దును," అన్నాడు. కుర్చీలో మళ్లీ కూర్చొని, కలం మూత తీసి ముగ్గురికీ మార్కులు వేశాడు. ఎన్ని వేశాడో చెప్పను, ఆ రోజు లైబ్రరీ వాళ్లెవరికీ అన్ని రాలేదు. బస్సు వెళ్లిపోయిందని ఎవరో అంటే, "ఇంకో బస్సు లేదా ఏంది? ఒక్క ఆట వెట్టు" అన్నాడు.

ఇప్పుడు ఆటలు తయారుచేసే పిల్లలకు నేను చెప్పేదల్లా ఆ రోజు నేర్చుకున్నదే. ఆడేవాడిని గౌరవించండి. ఓడించండి, పరవాలేదు. చిన్నబుచ్చకండి.

సాయంత్రం ఎక్స్‌టర్నల్ సారు బూట్లు వేసుకొని బయటికి వచ్చేసరికి చెట్టు కింద అమ్మాయి వాళ్ల అబ్బా ఇంకా నిలబడే ఉన్నాడు. అమ్మాయి పరుగెత్తి ఆయన పక్కకు వెళ్లింది. ఎక్స్‌టర్నల్ సారు ఆగాడు.

"నీ బిడ్డనా?"

"జీ సాబ్."

"పొద్దుందాక నన్ను ఓడగొట్టింది."

అబ్బా మొహం తెల్లబోయింది. రెండు చేతులూ జోడించాడు. "మాఫ్ చెయ్యుండ్రి సాబ్, చిన్నపిల్ల, తెల్వక చేసింది." ఎక్స్‌టర్నల్ సారు నవ్వుతూ ఆయన చేతులు పట్టుకొని దించాడు. మాఫీ ఏం లేదు, ఈ పిల్ల చదువు మాత్రం ఆపొద్దు అని చెప్పి, పి.డి. సారు స్కూటరు వెనక ఎక్కి బస్టాండుకు వెళ్లిపోయాడు.

అబ్బాకు ఏమీ అర్థం కాలేదు. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"మేడం, గంత పెద్దసాబును ఓడగొడితె గూడ పాస్ చేస్తరా?"

"ఓడగొట్టినందుకే చేసిండు భాయ్."

 ఆయన సైకిలు స్టాండు తీసి, వెనక సీటు మీది దుమ్మును అరచేత్తో తుడిచి, కూతురు వైపు తిరిగాడు.

"అట్లయితె పో బేటా. హైదరాబాద్‌ల గూడ ఓడగొట్టు."